కర్పూరం పొగ తగిలిన కన్ను

నేను ఒక చిన్న టెలిస్కోపును. బియ్యం డబ్బా అంత ఒళ్లు, పళ్లెమంత అద్దం, అంతే నా ఆస్తి. మరీ వేడిగా మండే నక్షత్రాలు అతినీలలోహిత కాంతిని ధారాళంగా వెదజల్లుతాయి. భూమి మీది గాలి దాన్ని మధ్యలోనే మింగేస్తుంది. అందుకని గాలి దాటి పైకి వెళ్లి చూసి రమ్మని నన్ను పుట్టించారు. చూసి రావడం అన్నది మాటవరసకే, తిరిగి వచ్చే ఏర్పాటేమీ లేదు.

బెంగళూరు శివార్లలోని ఒక ప్రయోగశాలలో పద్మలత గారు నన్ను ఏళ్ల తరబడి కట్టారు. నా అద్దం మహా సుకుమారం. తలనూనె ఆవిరి సోకినా కంటికి కనబడని పొర పట్టి చూపు మందగిస్తుంది. అందుకని నా గదిలోకి పువ్వులు, సెంట్లు, తలనూనె నిషిద్ధం. ఎంతటి మడిబామ్మ అయినా ఆ గది మడి చూసి దణ్ణం పెట్టాల్సిందే.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. గది బయట ప్రతి యంత్రానికీ బొట్టు పెట్టారు, చివరికి కాఫీ యంత్రానికి కూడా. నన్ను బిగించిన మెకానిక్ ఓబులేసు గారిది అనంతపురం వైపు. నాకొక్కదానికే పూజ లేకపోవడం ఆయనకు మింగుడు పడలేదు. లోపలికి రాకూడదని తెలుసు కనుక గోడ అవతల నిలబడి, నా వైపు తిరిగి కర్పూరం వెలిగించారు. నా గదికి గాలి పీల్చే గొట్టం సరిగ్గా అక్కడే ఉంది.

వాసన తగలగానే పద్మలత గారి ముఖం పాలిపోయింది.

"అన్నింటికీ చేసి దీన్నొక్కదాన్నే ఇడిసిపెడితే మనసొప్పలేదు మేడమ్" అన్నారు ఓబులేసు గారు. సంగతి తెలిశాక గోడకు చేరగిలబడిపోయారు. "నా చేతులారా దీని కండ్లు పోగొట్టినానే!"

నాకు మసక పడితే తనకూ పట్టి చెప్పేందుకు నా పక్కన కాపలాగా ఉంచిన అద్దం ముక్కను పరీక్షిస్తే మసక పట్టిందని తేలింది. నాకూ పట్టే ఉంటుంది. కడిగితే అద్దం మీది పూత ఊడుతుంది. ఆగితే రాకెట్‌లో చోటు పోతుంది. పట్టింది ఉత్త కర్పూరం ఆవిరైతే శూన్యంలో దానంతట అదే ఎగిరిపోతుంది. పొగ జిడ్డయితే జన్మలో వదలదు. ఈ రెంటిలో ఏదన్నది తేలకుండానే నన్ను పంపించారు. నిజం చెప్పొద్దూ, భయంతో చచ్చాను.

పైకి చేరాక, పట్టిన ఆవిరి ఏదైనా ఉంటే ఎగిరిపోవాలని నన్ను కొన్నాళ్లు వెచ్చబెట్టి, తర్వాత మూత తీశారు. ఎదురుగా ఒక నీలి నక్షత్రం! చూసినదంతా కిందికి పంపాను. కింద ఏం జరిగిందో నీకెలా తెలుసంటారా? ఆత్మకథలు రాసుకునే వాళ్లందరికీ తెలిసినట్టే నాకూ తెలుసు.

నా కబుర్లు అందుకునే గదిలో పద్మలత గారు వచ్చిన వెలుగు లెక్క సరిచూసుకుని, చివరి వరుసలో తల దించుకుని కూర్చున్న మనిషి దగ్గరికి నడిచారు.

"ఓబులేసు గారూ, దాని చూపుకేం కాలేదండీ. రావాల్సిన వెలుగంతా వచ్చింది."

"ఇంగోసారి చెప్పండి మేడమ్."

ఆవిడ మళ్లీ చెప్పారు. ఆయన రెండు చేతుల్లో ముఖం దాచుకుని, పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు.

నాకూ ఏడుపొచ్చింది. కానీ నేను ఏడవకూడదు, తడి తగిలితే అద్దం పాడవుతుంది. ఆ పని ఆయనకే వదిలేసి తర్వాతి నక్షత్రం వైపు తిరిగాను.