చిలక చోటు మారింది

నేను పనిచేసే బడి హెడ్‌మిస్ట్రెస్సే నాకు అత్తయ్య అయ్యారు. ఇంట్లో అత్తయ్య, బడిలో మేడమ్. పెళ్లి సెలవు ముగిసిన రోజే స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ "అత్తయ్యా, సుద్దముక్కలెక్కడున్నాయి?" అని నాలుక కరుచుకున్నాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన పొలమారేదాకా నవ్వారు. ఆ నవ్వు కోసమైనా రోజుకో పొరపాటు చేయాలనిపించింది.

ఆదివారం మా వదిన, అంటే మా ఆయన అక్క, కూతురితో భోజనానికి వచ్చింది. ఆ పిల్ల మా బడిలోనే ఎనిమిదో తరగతి. ఎవరి గొంతునైనా అచ్చుగుద్దినట్టు దించేస్తుంది కనుక అందరం చిలక అంటాం. బస్సు కండక్టరయింది, లెక్కల మాస్టారయింది. "ఇక హాజరప్పుడు మా క్లాసమ్మాయి" అంటూ మెడ బిగించి, "ప్... ప్... ప్రెజెంట్" అంది. అందరం నవ్వేశాం. అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది.

"రోజూ ఇలాగే చేస్తున్నావటే, ఆ పిల్ల ముందు?"

చిలక తల వంచుకుంది. నత్తి ఉన్న ఆ అమ్మాయిని బడి మాన్పిస్తానంటూ వాళ్ళ నాన్న మొన్ననే టీసీ అడిగి వెళ్ళాడు. కారణం మాత్రం చెప్పలేదు.

సోమవారం మళ్ళీ వచ్చాడాయన. కుట్టుపని చేసే మనిషి, మెడలో టేపు అలాగే ఉంది. "టీసీ ఇవ్వకపోతే పోనీ, మా పిల్లనే వేరే సెక్షన్‌కి మార్చండమ్మా. గొడవలెందుకు?"

"మీ పిల్ల ఎక్కడికీ కదలదు," అన్నారు అత్తయ్య. "వెక్కిరించినవాళ్ళే కదలాలి. మా బడి నియమం అది. మాట తడబడినా అందరితో సమానంగా చదువుకునే హక్కుందని చట్టమూ చెబుతోంది. వెక్కిరించింది నా మనవరాలే. మన్నించండి."

సాయంత్రానికల్లా వదిన చిలకను వెంటబెట్టుకుని ఊడిపడింది.

"సొంత మనవరాలిని సెక్షన్ మారుస్తావా అమ్మా? ఏదో పిల్లలు, సరదాకి..."

"సరదా ఇద్దరికీ ఉండాలి కదే."

"నియమాలు రాసింది నువ్వేగా. కాస్త చూసీ చూడనట్టు..."

"రాసింది నేనే కనుకే కుదరదు," అంటూ అత్తయ్య కళ్ళజోడు సర్దుకున్నారు.

వదిన నావైపు తిరిగింది. "నువ్వైనా చెప్పమ్మాయ్. కొత్త కోడలి మాట కాదనదు."

"మేడమ్ కింద పనిచేసేదాన్ని వదినా, నన్నొదిలెయ్."

పక్క గదిలో మా ఆయన దగ్గారు. అది నవ్వు దాచుకునే దగ్గని నాకు ఈమధ్యే తెలిసింది.

మర్నాడు అత్తయ్య చిలకను పక్క సెక్షన్‌లో కూర్చోబెట్టి, దాని పాత తరగతికి వెళ్ళి, కలిసి నవ్వినవాళ్ళతోనూ మాట్లాడి వచ్చారు. తర్వాత హాజరు నేనే వేశాను. ఆ అమ్మాయి పేరు పిలిచి ఆగాను.

"ప్... ప్..."

ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీ పిల్ల వెనక్కి తిరగబోయి మానుకుంది.

"ప్రెజెంట్."

తర్వాతి పేరు పిలిచాను. నా గొంతే కాస్త తడబడింది. ఆ వారంలోనే వాళ్ళ నాన్న టీసీ మాట వెనక్కి తీసుకున్నాడు.

మళ్ళీ ఆదివారం చిలక ఎవరి గొంతూ దించకుండా తల వంచుకుని తింటోంది. అత్తయ్యే కదిపారు.

"గొంతు పోయిందేమే? నన్ను దించు చూద్దాం. నేనైతే నీకు తిరిగి జవాబివ్వగలను."

చిలక వాళ్ళమ్మ వంక చూసింది. మెల్లగా లేచి, లేని కళ్ళజోడు సర్దుకుని, వాళ్ళమ్మకే వేలు చూపించింది.

"సరదా ఇద్దరికీ ఉండాలి కదే."

అందరికన్నా ముందు నవ్వింది అత్తయ్యే. మా ఆయనకు మళ్ళీ పొలమారింది.