సోమవారం సీసాలు

నీళ్లు పట్టే ముందు సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు కడగాలి. నాలుగోసారి నింపి మూత బిగించాలి. నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్ వాళ్లు ఇది నేర్పింది నా భర్త షాకిర్‌కు. ఉద్యోగం ఆయనది. మూడేళ్లుగా ప్రతి సోమవారం సీసాలతో గుంటకు పోయేది నేను.

మా ఊరికి పడమట, మూతబడిన బంగారు గని మట్టి దిబ్బ ఉంది. రాళ్లు పిండి చేసి బంగారం తీసుకున్నాక పారబోసిన మట్టి. అందులోని విషాన్ని పీల్చుకుంటుందని దాని మీద వట్టివేరు గడ్డి నాటింది పదకొండుమంది ఆడవాళ్లం. గడ్డి పెరిగింది. దిబ్బ కింద గుంటలో నీళ్లు తేటగా ఉంటాయి, అడుగు కనిపిస్తుంది. వానాకాలంలో కూడా అక్కడ కప్ప అరవదు.

కడుపు పోయి, నెలరోజులు బంగారుపాళ్యంలో అమ్మ దగ్గర ఉన్నాను. తిరిగి వచ్చేసరికి గుంట నీళ్లు తాగొచ్చని ల్యాబ్ కాగితం వచ్చి ఉంది. గురువారం బడిలో ఆ నీళ్ల కొళాయి తిప్పుతారట.

“నువ్వు లేకపోతేనే నీళ్లు బాగైనాయి సూడు,” అని షాకిర్ నవ్వాడు.

“కడుపే నిలుపుకోలేనిది, నీళ్లనేం బాగుచేస్తాది,” అంది మా అత్త దిల్షాద్ బీ, బియ్యం ఏరుతూ.

గురువారం పొద్దున్నే గుంటకు పోయాను. నెల కిందట నేను తిని వదిలిన చపాతీ ముక్క బండ మీద అలాగే ఉంది. చీమ పట్టలేదు, కాకి ముట్టలేదు. అంచున నా పళ్ల గుర్తులున్నాయి. గడ్డి ఊగుతోంది, చప్పుడు లేదు. సీసాకు మూడుసార్లు, మూడేళ్లు ఆ నీళ్లలోనే చేతులు పెట్టాను. నా చేతులు చూసుకున్నాను.

చెంబుతో నీళ్లు ముంచుకుని ఇంటికి వచ్చాను.

“నేను లేనప్పుడు సీసాలు యాడ పట్టినారు?”

“మనింట్లో తాగే నీళ్ల క్యాన్‌లోనే. అంత దూరం ఎవురు పోతారు? నీళ్లు నీళ్లే కదా.”

“బడిలో పిల్లోళ్లు తాగతారు.”

“పదింటికి కొళాయి తిప్పడానికి ఆఫీసరొస్తాడు. నువ్వు నోరు తెరిస్తే నా ఉద్యోగం పోతాది.”

“మొగుని నోటికాడి కూడు పడగొడతావా ఏం?” అంది అత్త.

రెండు గ్లాసులు ఆయన ముందు పెట్టాను. ఒకదానిలో క్యాన్ నీళ్లు, ఒకదానిలో గుంట నీళ్లు. చూస్తే తేడా తెలియదు.

“నీళ్లు నీళ్లే కదా. తాగండి.”

షాకిర్ రెండూ ముట్టుకోలేదు.

ల్యాబ్‌కు ఫోన్ చేశాను. కాగితం మీద సంతకం చేసిన లోహిత మేడమే ఎత్తింది. ఎవరు మాట్లాడేదని అడిగింది.

“నా పేరు రిహానా, మేడమ్. మీకు సీసాలు నింపి పంపేది నేను. పోయిన నెలవి నావి కావు.”