భద్రత అన్న గడిలో

ఉతికిన దుప్పట్లు ఆరేసి చేతులు తుడుచుకుంటుంటే కిందనుంచి బావగారు కేకేశారు. "ఏమ్మా, ఆ వెబ్‌సైటు ఎంతదాకా వచ్చింది? శుక్రవారానికల్లా కావాలి. వెనక గదులు రెండూ ఖాళీగా పడున్నాయి. కొత్త పిల్లలు వెతుక్కునే రోజులివి."

మా ఇంటినే ఆయన లేడీస్ హాస్టల్ చేశారు. మా ఆయన పోయాక నాకు మిగిలింది మేడమీద చిన్న గది, కింద పెద్ద వంటిల్లు. వంట, ఉతుకుడు, గదులు తుడవడం అన్నీ నావే. జీతం మాటెత్తితే తోటికోడలు "సొంత మనిషికి జీతమేంటే, నిన్ను పరాయిదాన్ని చేసినట్టుండదూ?" అని నవ్వేది. నేను అక్షరాలు దిద్దింది ఈ హాస్టల్ పిల్లల దగ్గరే, తల నెరిశాక. అది చూసే బావగారు నన్ను కంప్యూటర్ సెంటర్లో చేర్చారు. వెబ్‌సైటు పని బయటివాళ్ళకిస్తే బోలెడు అడుగుతారట. "నీకు మధ్యాహ్నాలు ఖాళీయే కదమ్మా" అన్నారు. నా మధ్యాహ్నాలు ఖాళీ అని అప్పటిదాకా నాకే తెలియదు.

సెంటర్లో పాఠం చెప్పే అమ్మాయిది నాకు మనవరాలయ్యే ఈడు. పేజీని గళ్ళుగా విడగొట్టడం, రంగులు వేయడం, నొక్కితే ఇంకో పేజీ తెరుచుకునేలా చేయడం నేర్పింది. మూసే గుర్తు ఒక్కటి మరిచిపోతే పేజీ అంతా చెదిరిపోతుంది. గ్యాస్ కట్టేయడం లాంటిదన్నమాట అని మనసులో పెట్టుకున్నాను. "ఆంటీ, గళ్ళలో ప్రస్తుతానికి ఏదో ఒకటి రాసేయండి. చూపుకి నిండుగా ఉంటే చాలు. అందరికీ కనిపించేలా పెట్టేముందు అవి తీసేసి అసలు మాటలు రాద్దాం" అంది.

ఏదో ఒకటి అంటే ఏం రాయను? నా దగ్గరున్నవి విన్న మాటలే. 'భోజనం' అన్న గడిలో తోటికోడలి మాట రాశాను: కూరలో ఇంకో చెంబుడు నీళ్ళు పొయ్యి, వాళ్ళకేం తెలుస్తుంది. 'మా గురించి' అన్నచోట మా ఆయనది: నీకేం తెలుసు, నోర్మూసుకో. చదివి నాలో నేనే నవ్వుకున్నాను. 'భద్రత' అన్న గడి దగ్గరికొచ్చేసరికి వేళ్ళు ఆగిపోయాయి.

వెనక గదుల తలుపులకు లోపలివైపు బోల్టులు లేవు. పోయిన వేసవిలో బావగారే ఊడదీయించారు. పిల్లలు లోపల ఏమన్నా చేసుకుంటే ఎవరిది పూచీ అన్నారు. అన్ని గదుల మారుతాళాలూ ఆయన బెల్టుకే వేలాడుతుంటాయి. అక్కడుండే నర్సింగ్ పిల్ల ఒక పొద్దున వంటింట్లోకొచ్చి, కాఫీ గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడింది. "పిన్నీ, నిద్రలో మెలకువొచ్చి చూస్తే అంకుల్ నా మంచం పక్కనున్నారు. ఫ్యాను చూడ్డానికొచ్చారట" అంది. ఫ్యాను బాగానే తిరుగుతోంది. ఆ వారమే ఆ పిల్ల సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. నేను బావగారిని అడిగాను. ఆయన కోప్పడలేదు. అదే భయమేసింది. దగ్గరికొచ్చి, జ్వరం చూసినంత మెల్లగా ఒక మాట అన్నారు. భద్రత గడిలో ఆ మాటే పడింది: తాళాలు నా దగ్గరుంటాయి. నువ్వు చూడనట్టుంటే నీ గది నీకుంటుంది.

శుక్రవారం బావగారు భద్రత గడికి మాటలు చీటీ మీద రాసిచ్చి పంపారు. "కన్నతండ్రి కాపలా అని రాయి. తల్లులు అదే చూస్తారు."

"మాటలన్నీ మార్చేశారా ఆంటీ?" అంటూ వంగి తెరమీద చదివిన అమ్మాయి చటుక్కున ఆగింది. "ఇవి... ఉత్తినే రాసినవేగా?"

"భోజనం, మా గురించి మార్చేశానమ్మా. ఇది మార్చను."

తెచ్చిన 'కన్నతండ్రి' చీటీ నా పిడికిట్లోనే ఉంది. ఇది బయటపడితే నా గది పోతుంది, వంటిల్లూ పోతుంది. ఈ వయసులో ఎక్కడికని పోను? రాయకపోతే మాత్రం ఇంకో పిల్ల ఆ మంచం మీద పడుకుంటుంది. ఆయన మాట కింద నాది ఒక వాక్యం చేర్చాను: వెనక గదులకు లోపలి బోల్టులు లేవు, యజమాని మారుతాళంతో తలుపు తీసుకుని లోపలికొస్తారు. అమ్మాయి కుర్చీ వెనక్కి జరిపింది. పేజీని అందరికీ కనిపించేలా పెట్టే మీట నేనే నొక్కాను.

ఫోన్లెత్తడం ఆడవాళ్ళ పనేనని పేజీలో నా నంబరే పెట్టించారు. సాయంత్రం వంటింట్లో ఫోను మోగింది.

"అమ్మా, మా పాపకోసం చేశాను. ఆ రాసింది నిజమేనా?"

బావగారు గుమ్మంలోకి వచ్చారు. నవ్వుతూ, తాళాలు గలగలలాడించుకుంటూ. "ఎవరమ్మా, కొత్త పార్టీనా?"

"నిజమేనండీ" అన్నాను, ఆయన కళ్ళలోకే చూస్తూ. "మీ పాపను ఇక్కడికి పంపకండి."