తెర మీదికి రాని మొప్పలు

కలిదిండిలో గాయత్రికి చిన్న ల్యాబు ఉంది. చెరువుల వాళ్లు తెచ్చే నీళ్లూ చేపలూ పరీక్ష చేసి రిపోర్టు రాసిస్తుంది. ఆ సోమవారం పదకొండింటికి రామయ్య మరో ఏడుగురు రైతుల్ని వెంటబెట్టుకుని వస్తానన్నాడు. వారం రోజులుగా ఆయన చెరువులో చేపలు చచ్చి తేలుతున్నాయి. మొప్పల్లో పురుగు పట్టిందని గాయత్రి రాసిస్తే ఆయన నమ్మలేదు.

"కాగితం మీద ఏదైనా రాయొచ్చమ్మా. మందుల కొట్టు శివాజీ పురుగూ లేదు, ఏమీ లేదంటున్నాడు. మా కళ్లతో మేం చూడాలి," అన్నాడు.

అందుకే గాయత్రి ఏలూరు వెళ్లి, పుస్తకంలా మడిచిపెట్టుకునే పలచటి మానిటరు కొనుక్కొచ్చింది. మైక్రోస్కోపు కింద తీసిన వీడియోలన్నీ ట్యాబులో ఉన్నాయి. శనివారం కలిపి చూస్తే పురుగులు తెరమీద వేలెడంత కనబడ్డాయి.

సోమవారం పొద్దున కలిపితే తెర వెలిగింది గానీ, "సిగ్నల్ లేదు" అని వచ్చి నల్లబడిపోయింది.

"శనివారం తాళం వేసింది నువ్వేగా?" అంది గాయత్రి.

"నేనేనండీ," అంది అలేఖ్య. కొల్లేటి లంకల్లో చేపలు పట్టేవాళ్ల పిల్ల. రెండేళ్లుగా ఈ ల్యాబులోనే పనిచేస్తోంది.

శనివారం సాయంత్రం ఆ పిల్ల శివాజీ కొట్టు దగ్గర నిలబడి మాట్లాడుతుంటే గాయత్రి చూసింది. తన రిపోర్టు నిజమైతే శివాజీ అమ్మిన మందంతా దండగని తేలిపోతుంది. తెర పనిచెయ్యకపోతే ఎవరికి లాభమో వేరే చెప్పాలా?

అలేఖ్య మాత్రం తొందరపడకుండా ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చింది. కేబులు తీసి రెండో రంధ్రంలో పెట్టింది. ట్యాబు ఆపి మళ్లీ ఆన్ చేసింది. మానిటరు మెనూలోకి వెళ్లి, ఏ దారిన బొమ్మ రావాలో మార్చి చూసింది. ప్రతిసారీ అదే మాట, సిగ్నల్ లేదు. ఇంత నిదానం ఎలా వచ్చిందీ, తప్పు ఎక్కడుందో ముందే తెలిసినదానిలా, అనుకుంది గాయత్రి.

"ట్యాబులో చార్జింగ్ గుర్తు వస్తోందండీ. అంటే కేబుల్లో కరెంటు వెళ్తోంది, బొమ్మే వెళ్లట్లేదు. ఇది మానిటరుతో వచ్చిన కేబులు కాదేమోనండీ. అది కాస్త లావుగా ఉండేది. మీ కారులో గానీ..."

"నా కారులో ఎందుకుంటుంది?"

గాయత్రి గొంతు పెరిగింది. అలేఖ్య తలొంచుకుంది. "పోనీ, ట్యాబే వాళ్ల చేతికిద్దామండీ."

"వద్దు, అంత చిన్న తెరలో ఎనిమిదిమంది ఏం చూస్తారు? నువ్వెళ్లి టీ చెప్పిరా, వాళ్లొచ్చే వేళైంది."

ఆ పిల్ల గుమ్మం దాటగానే గాయత్రి కుర్చీకి తగిలించిన అలేఖ్య బ్యాగు అందుకుంది. తను ఇంత పని చేస్తానని పొద్దున ఎవరైనా అంటే కొట్టిపారేసేది. టిఫిను డబ్బా, దువ్వెన, బస్సు టికెట్లు. కేబులు లేదు. అడుగున ఒక చీటీ ఉంది. పైన శివాజీ కొట్టు పేరు, కింద అలేఖ్య రాతలో నాలుగు మందుల పేర్లు. గాయత్రికి ఒళ్లు మండిపోయింది.

"అది రామయ్యగారికి ఆయన ఇచ్చిన మందుల పేర్లండీ," అంది గుమ్మంలోంచి అలేఖ్య. "వాటిమీద మన మందు వేస్తే చేపలకి పడుతుందో లేదో మీరు చూస్తారని రాసుకొచ్చాను."

గాయత్రి చీటీ మళ్లీ బ్యాగులో పెట్టేసింది. బయట మోటారు సైకిళ్లు ఆగాయి. ఏలూరు షాపువాడికి ఫోన్ చేస్తానని గొణిగి, ఆమె వెనక తలుపు గుండా కారు దగ్గరికి నడిచింది. ఫోను కారులోనే చార్జింగులో ఉంది. తీయబోయి ఆగింది. దానికి తగిలించి ఉన్నది లావుపాటి నల్ల కేబులు. నిన్న కైకలూరు వెళ్తూ, చేతికి దొరికిందని మానిటరు పెట్టెలోంచి తనే లాక్కుని, దాని చోట కారు కేబులు పడేసింది.

లోపలికొచ్చి ఆ కేబులు పెట్టింది. తెరమీద ఎర్రటి మొప్పలు, వాటిమధ్య మెలికలు తిరుగుతున్న పురుగులు. రైతులు ముందుకు జరిగారు. రామయ్య కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఇవి బతికే ఉన్నాయా అమ్మా?" అన్నాడు.

"వీడియో తీసినప్పుడు బతికే ఉన్నాయండీ," అంది అలేఖ్య.

వాళ్లు లేవబోతుంటే గాయత్రి ఉండబట్టలేక అనేసింది. "ఆలస్యమైంది నా వల్లేనండీ. కేబులు నేనే తీసి మరిచిపోయి ఈ అమ్మాయిని అనుమానించాను. బ్యాగు కూడా వెతికాను."

రామయ్య కండువా దులుపుకుని బయటికి నడిచాడు.

అందరూ వెళ్లాక అలేఖ్య గ్లాసులు తీస్తూ అంది. "వాళ్ల ముందెందుకు చెప్పారండీ? నన్ను తప్పుగా అనుకోవడం మీతోనే పోయేది. ఇప్పుడు ల్యాబులో దాని బ్యాగు వెతికారట అన్న మాటే మా లంకదాకా వెళ్తుంది."

మంచి చేశాననుకున్న గాయత్రి తనూ రెండు గ్లాసులు తీసింది. "రేపు వస్తావా?" అంది.

"రామయ్యగారి చెరువు నీళ్లు తేవాలి కదండీ. వస్తాను."

వచ్చింది. మందు పడ్డాక రామయ్య చెరువులో చేపలు తేలడం ఆగిపోయేదాకా వచ్చింది. ఆ తర్వాత తాడేపల్లిగూడెంలో ఓ పెద్ద ల్యాబులో ఉద్యోగం చూసుకుంది. పనిలో ఆమెకి సాటి లేదని గాయత్రి స్వయంగా ఉత్తరం రాసిచ్చింది. అలేఖ్య దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి, "థాంక్సండీ," అంది. నవ్వలేదు.