పరీక్ష ఎవరిది పోతుంది?

గుంతకల్లు రైల్వే కాలనీలో సుశీలమ్మ ప్రతి ఆదివారం పొద్దున తన ఇంటి వసారాలో ఇంగ్లీషు చెప్పేది. పిల్లలకు కాదు, ప్రమోషన్ పరీక్షకు కూర్చోబోయే, రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌లకు. 1961 వేసవిలో ఎనిమిది మంది వచ్చేవాళ్లు. వాళ్లలో ఆదెన్న, మద్దిలేటి ఒకే బీడీని చెరి సగం తాగేంత స్నేహితులు. అలాంటిది మూడు వారాలుగా ఒకరు ఈ గోడకు, ఒకరు ఆ గోడకు ఆనుకుని కూర్చుంటున్నారు. ఏమైందని ఆమె అడిగితే ఇద్దరూ పుస్తకాల్లో తల దూర్చేవాళ్లు.

ఆ రోజు పాఠం, ఒకరు అన్న మాటను ఇంకొకరికి చెప్పడం. ఆ పాఠమంటే సుశీలమ్మకు ఎప్పుడూ తలనొప్పే. తెలుగులో చివర 'అని' తగిలిస్తే పని జరిగిపోతుంది. ఇంగ్లీషులో 'ఐ' పోయి 'హి' వస్తుంది, 'విల్' పోయి 'వుడ్' వస్తుంది. పుస్తకంలోని రాజుల మాటలూ మంత్రుల మాటలూ చెప్పి చెప్పి ఆమెకే విసుగొచ్చింది. పుస్తకం మూసేసి, ఎవరైనా నిజంగా అన్న మాట ఒకటి చెప్పమంది.

అందరికన్నా ముందు ఆదెన్న లేచాడు. ఈసారి పరీక్ష పోయేది ఖాయమని మద్దిలేటి కొళాయి దగ్గర తోటి ఉద్యోగి శివప్పతో అన్నాడట. నీళ్లకు వెళ్లిన తన భార్య రామక్క విని వచ్చి చెప్పిందట.

సుశీలమ్మ బోర్డు మీద 'మద్దిలేటి సెడ్ దట్' అని ఇంగ్లీషులో రాసి ఆగిపోయింది.

"పోయేది ఎవరి పరీక్షప్పా?" అని అడిగింది. "తెలుగులో చెప్పకపోయినా నడుస్తాది. ఇంగ్లీషులో మాత్రం నువ్వైతే 'ఐ', ఇంకొకరైతే 'హి', ఏదో ఒకటి పెట్టాల్సిందే."

"ఇంకెవరిదమ్మా, నాదే," అన్నాడు ఆదెన్న.

అవతలి గోడ దగ్గర మద్దిలేటి మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఆడ 'హి' అని రాయండమ్మా. నేను అనింది నా గురించి. వానికి ఇంగ్లీషు నాకంటే బాగా వస్తాది. నాకే దిగులు పట్టుకొని శివప్పతో చెప్పుకున్నా."



"ఆ మాట నాతో చెప్పుంటే అయిపోయేది గదప్పా," అన్నాడు ఆదెన్న.

"నువ్వు నా దిక్కు చూస్తే గదా చెప్పేది."

వసారా అంతా గొల్లున నవ్వింది. సుశీలమ్మ కూడా నవ్వు ఆపుకోలేక, సుద్దముక్క పట్టుకున్న చేత్తోనే ముక్కు తుడుచుకుని, వాక్యం పూర్తి చేసింది. ఆదెన్న చేత మూడుసార్లు చదివించింది. 'హి' దగ్గరికి వచ్చినప్పుడల్లా అతను మద్దిలేటి వైపు చేయి చూపించాడు. చదవడం అయ్యాక తన చాప తీసుకెళ్లి అతని పక్కన పరుచుకున్నాడు.

పరీక్ష ఫలితాలు వచ్చిన సాయంత్రం ఇద్దరూ మైసూరుపాకు పొట్లంతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఒకరిని మించి ఒకరు గబగబా చెప్పేసరికి సుశీలమ్మకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. మొహాలు చూస్తే మాత్రం ఇద్దరూ పాసైనట్టే ఉంది. పొట్లం అందుకుని, కాఫీ పెడతాను కూర్చోమంటూ లోపలికి నడిచింది.