చీటీల బాబాయి రాసిన ప్రోగ్రాం

గడ్డం సగం గీసుకుని, మిగతా సగం మీద సబ్బు నురగ అలాగే ఉండగా, చీటీల బాబాయి అద్దం పక్కన అంటించిన కాగితం ముక్కని మళ్ళీ చదివాడు. "టేబుల్ అంటే బీరువా. రో అంటే అందులో ఒక అర. వర్క్ ఏరియా అంటే చేతిలో ట్రే. ఒక అరలో సరుకు ట్రేలోకి తియ్యి, చూడు, తిరిగి పెట్టు, పక్క అరకి వెళ్ళు." రాసింది ఆయనే. మూడు నెలలుగా రోజూ చదువుతున్నదే. అయినా ఆ పొద్దున మూడో మాట దగ్గరికి వచ్చేసరికి మొదటి మాట జారిపోతోంది.

"ఏమండీ, రెండో బుగ్గ కూడా గీసుకుని వెళ్తారా, ఇలాగే బయల్దేరతారా?" అంది భార్య, తలుపు దగ్గర నిలబడి.

"చేతులు వణుకుతున్నాయే. తెగుతుందేమోనని."

"ఇటివ్వండి." ఆవిడ రేజరు తీసుకుని, భర్త గడ్డం పైకెత్తి, రెండో బుగ్గ తనే గీసింది. ఇంట్లో కూర్చుని నలుగురికి బట్టలు కుట్టే మనిషి, చెయ్యి కుదురు. "ఊపిరి తీసుకోండి. నేనేం మీ పీక కొయ్యను."

ఆయన ఊపిరి తీసుకున్నాడు. నవ్వుదామనుకున్నాడు గానీ పెదవులు సహకరించలేదు.

యాభై నాలుగేళ్ళ మనిషి. నీళ్ళ మోటార్లు తయారుచేసే కంపెనీలో ఇరవై ఏడేళ్ళుగా స్పేర్ పార్టుల స్టోరు చూస్తున్నాడు. బేరింగులు, వాషర్లు, ఆయిల్ సీళ్ళు, ఫ్యాన్ రెక్కలు. ఏ అరలోంచి ఏది బయటికి తీసినా, దాని చోట ఒక చీటీ పెడతాడు: ఎవరు తీసుకున్నారు, ఎన్ని, ఏ వేళకి. టీ తాగడానికి వెళ్తే బల్ల మీద "టీకి వెళ్ళాను" అని ఇంకో చీటీ. అలా ఆ పేరు పడింది. మేనేజరు దగ్గర్నుంచి తోటమాలి దాకా అందరికీ ఆయన చీటీల బాబాయే.

భయం ఆయనకి చిన్నప్పటి చుట్టం. లిఫ్టంటే భయం, అందుకని నాలుగంతస్తులూ మెట్లెక్కుతాడు. పైవాళ్ళు పేరు పెట్టి పిలిస్తే, చెయ్యని తప్పేదో బయటపడిందనుకుని ముచ్చెమటలు పోస్తాయి. స్టోరు ఇన్‌చార్జిగా వేస్తామంటే వద్దు సార్ అని దణ్ణం పెట్టాడు. ఒకసారి స్కూటరు లైసెన్సు కోసం వెళ్ళి, వరసలో తన ముందు ఒక్కడే మిగిలాక, ఇంటికి వచ్చేశాడు. ఆ రోజు ఆఫీసు మూసేశారని చెప్పాడు. నిజం చెప్పడానికి పదేళ్ళు పట్టింది. భార్య అప్పటికే స్కూటరు నడపడం నేర్చేసుకుంది.

అయితే స్టోరు చూసే మనిషికి భయం ఉండడం మంచిదే. మూడుసార్లు లెక్కపెట్టాడు గనకే ఇన్నేళ్ళలో ఒక్క వాషరు కూడా తేడా రాలేదు. ఒక రకంగా ఆయనకి ఉద్యోగం పెట్టిందీ, దాన్ని నిలబెట్టిందీ ఆ భయమే.

పోయిన ఏడాది కంపెనీకి పెద్ద సాఫ్ట్‌వేరు వచ్చింది. కొనడం, అమ్మడం, జీతాలు, సరుకు, అన్నీ దాంట్లోనే. చీటీల పని పోయింది. స్టోరులో నలుగురెందుకు, ఇద్దరు చాలన్నారు. ఆ ఇద్దరూ సరుకు తెలిసినవాళ్ళయి ఉండాలి, కావలసిన రిపోర్టుని ఆ సాఫ్ట్‌వేరు భాషలో తామే రాసుకోగలిగి ఉండాలి అన్నారు. మూడు నెలలు శిక్షణ, తర్వాత మేనేజరు ముందు ఎవరి ప్రోగ్రాం వాళ్ళు నడిపి చూపించాలి. చూపించలేనివాళ్ళకి సెలవు. ముందే తమంతట తాము మానుకుంటామన్నవాళ్ళకి సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసులో ఒక కాగితం ఉంది. దాని మీద సంతకం పెడితే, తీసేశాం అన్న మాట లేకుండా మంచి ఉత్తరం ఇస్తారు. గడువు ఈ రోజు నాలుగు గంటలు. ఆ నాలుగింటికే హాల్లో అందరి ముందూ ఫలితాలు చదువుతారు.

నలుగురిలో ఇద్దరు మొదటి వారమే సంతకం పెట్టి వెళ్ళిపోయారు. మిగిలింది ఈయనా, తూకం చూసే ఆయనా.

చిత్రమేమిటంటే బాబాయికి ఆ భాష వచ్చింది. మొదట్లో తెర వైపు చూడ్డానికే జంకేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం భార్య గుండీల డబ్బా తెచ్చి ముందు బోర్లించింది. "రంగుల వారీగా ఏరండి. ఏరుతూ ఏం చేస్తున్నారో పైకి చెప్పండి" అంది. ఒక గుండీ తీసి, చూసి, ఎరుపైతే ఇటు, కాకపోతే అటు పెట్టి, ఇంకోటి తీస్తూ ఉండగా ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఇదేనటే లూప్ అంటే? ఇంతేనా?" అన్నాడు. ఇరవై ఏడేళ్ళుగా తను చేస్తున్నది అదే. ఆ మధ్యాహ్నం నుంచి ఆయన రాసిందల్లా నడవడం మొదలైంది. నడుస్తున్నకొద్దీ పోగొట్టుకోవడానికి ఒకటి చేతికొచ్చిందని భయం ఇంకా పెరిగింది.

స్టోరు వదులుకోవడం ఆయన ఊహకి అందదు. ఆ అరల మధ్య తప్ప ఇంకెక్కడా ఆయనకి బిగుసుకున్న భుజాలు దిగవు. బయటంతా ఆయనకి వరసలో తన ముందు ఒక్కడే మిగిలినట్టుంటుంది.

మెట్లెక్కి శిక్షణ గదికి చేరేసరికి తొమ్మిదయింది. ఎవరూ రాలేదు. తన చోట కూర్చుని, జేబులోంచి చీటీ తీశాడు. "ఆపే వరుస తీసెయ్యాలి."

దాని సంగతి ఇది. ప్రోగ్రాంలో ఒక చోట, ఫలానా ఐడీతో నడిపితే ఇక్కడ ఆగు అని ఒక వరుస రాసుకోవచ్చు. ఆ మనిషి నడిపినప్పుడు మాత్రం అక్కడ ఆగి, లోపల ఏముందో చూపిస్తుంది. వేరేవాళ్ళు నడిపితే ఆగకుండా వెళ్ళిపోతుంది. నేర్చుకునేవాళ్ళు ఒకటి రెండు రోజులు వాడి తీసేస్తారు. బాబాయి మూడు నెలలూ వాడాడు. ప్రోగ్రాంని మొత్తంగా ఒక్కసారి వదలాలంటే ఆయనకి ధైర్యం చాలదు. ఆగాలి, ట్రేలో ఏముందో తను చూడాలి, అప్పుడు కదలాలి.

ఆ వరుస వెతికి తీసేశాడు. చీటీ మీద అడ్డంగా గీత కొట్టాడు. మూడుసార్లు చూసుకున్నాడు.

పదకొండింటికి మేనేజరు వచ్చాడు. మొదట తూకం ఆయన నడిపాడు. సగం ట్రైనర్ అమ్మాయి చెప్పగా రాసింది, సగం పక్కవాళ్ళది చూసి దించింది. పేర్ల వరస అటూ ఇటూ అయినా లిస్టు వచ్చింది. "వచ్చిందండోయ్" అన్నాడు తూకం ఆయన, అదేదో లాటరీ అయినట్టు. మేనేజరు నవ్వి తలూపాడు.

"మీరు రండి బాబాయి గారూ" అంది ట్రైనర్ అమ్మాయి. ముప్పై ఏళ్ళు కూడా లేని పిల్ల. మూడు నెలల్లో ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

బాబాయి కూర్చున్నాడు. వీపు వెనక మేనేజరు ఊపిరి వినిపిస్తోంది. ఐడీ కొట్టాడు, ఒక అక్షరం తప్పింది, మళ్ళీ కొట్టాడు. అడుగంటిన సరుకంతా వెతికి, ఎరుపు గుర్తు పెట్టి చూపించే ప్రోగ్రాం అది. నడిపే మీట నొక్కాడు.

లిస్టు రాలేదు. తెర నిండా తను రాసిన వరుసలు, ఒకదాని పక్కన చిన్న పసుపు బాణం. అంతే.

రోజూ చూసే తెరే. కానీ ఆపే వరుస పొద్దున్నే తన చేత్తో తీసేశాడు. ఇక ఆగడానికి కారణం లేదు. అయినా ఆగిందంటే లోపల ఏదో విరిగిందన్నమాట. అక్షరాలు కనపడుతున్నాయి గానీ చదవడం రావట్లేదు.

"ఏమైంది?" అన్నాడు మేనేజరు.

"తప్పు నాదే సార్."

"తప్పని కాదండీ, ఏమైందీ అని."

"నాదే సార్" అని, బాబాయి తెర మీది ఆ కిటికీని మూసేశాడు. ట్రైనర్ అమ్మాయి ముందుకు వంగేలోపే తెర ఖాళీ అయింది.

"కంగారు పడకండి. అకౌంట్సు వాళ్ళ పరీక్ష మూడింటిదాకా ఉంది. అది కాగానే నేను చూస్తాను" అందా అమ్మాయి. మేనేజరు గడియారం చూసుకుని, "సరే, చూసి చెప్పండి. నాలుగింటికి కలుద్దాం" అన్నాడు.

నిజానికి ఇద్దరూ అన్నది అంతే. కానీ డాక్టర్లు రోగి ముందు మాట్లాడుకునేటప్పుడు ఎంత మెల్లగా మాట్లాడతారో వాళ్ళూ అంత మెల్లగా మాట్లాడారని బాబాయికి తోచింది. ఇక ఆయన ప్రాణం ప్రాణంలో లేదు.

మెట్లు దిగి స్టోరుకి వెళ్ళాడు. మధ్యాహ్నం తిండి ముట్టలేదు. అరల మధ్య అటూ ఇటూ నడిచాడు. ఆరో వరసలో బేరింగుల పెట్టె ఒకటి కొద్దిగా బయటికొచ్చి ఉంటే లోపలికి నెట్టాడు. కళ్ళు మూసుకుంటే హాలు కనిపిస్తోంది, రెండు వందల మంది, మేనేజరు చేతిలో కాగితం. తూకం ఆయన పేరు చదువుతారు. తన పేరు చదవరు. అప్పుడు రెండు వందల తలలు తనవైపు తిరుగుతాయి. పోనీ తిరగవు, మర్యాదకి ఎటో చూస్తాయి. అది ఇంకా భయం.

మూడుకి పది నిమిషాలుండగా పర్సనల్ ఆఫీసు తలుపు తట్టాడు.

"మీకెందుకండీ ఇది? మీది బానే ఉంటుందన్నారే" అన్నాడు పర్సనల్ ఆఫీసరు.

"లేదండి. ఇవ్వండి."

"ఇంట్లో అడిగారా?"

"చెప్తానండి."

ఆఫీసరు కాగితం ఇచ్చాడు. బాబాయి దాన్ని మూడుసార్లు చదివి, సంతకం పెట్టి, తేదీ వేశాడు. స్టోరు తాళాలగుత్తి బల్ల మీద పెట్టి, "ఆరో వరస మూడో అర తలుపు బిగుసుకుంటుంది. కొంచెం ఎత్తి లాగమని చెప్పండి" అన్నాడు. ఆఫీసరు కంప్యూటర్లో ఏదో కొట్టాడు. ఐడీ మూసేశామన్నాడు. ఆ క్షణాన బాబాయికి భుజాలు దిగాయి. ఎవరూ తలలు తిప్పలేదు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి రోజూ లాగే చెయ్యెత్తి, ఎండలోకి నడిచి వెళ్ళిపోయాడు.

ట్రైనర్ అమ్మాయి మూడుంబావుకి వచ్చి, బాబాయి ప్రోగ్రాం తన ఐడీతో నడిపింది. మీట నొక్కీ నొక్కగానే లిస్టు వచ్చింది. రెండు వందల పన్నెండు రకాల సరుకు, అర నంబర్ల వరసలో, అడుగంటినవాటికి ఎరుపు గుర్తులు. ఎక్కడా ఆగలేదు. మేనేజరుని పిలిచి ఆయన ఐడీతో నడిపించింది. అప్పుడూ ఆగలేదు.

"మరి పొద్దున ఏమైంది?" అన్నాడు మేనేజరు.

ఆ అమ్మాయి లోపల వెతికింది. ఎరుపు గుర్తులు పెట్టే చిన్న ముక్కని బాబాయి వేరే రాశాడు. అందులో, మధ్యలో, ఇంకో ఆపే వరుస ఉంది. బాబాయి ఐడీకి మాత్రమే ఆగుతుంది. ముందుకు సాగే మీట ఒక్కటి నొక్కి ఉంటే లిస్టు వచ్చేసేది. పోయిన వారం ఆ ముక్క మొదటిసారే సరిగ్గా నడిచింది. ఆయన లేచి నిలబడి ఇంటికి ఫోన్ చేసి, వచ్చిందే, ఒక్కసారికే వచ్చిందే అని చెప్పడం ఆ అమ్మాయికి గుర్తుంది. ఆ సంతోషంలో చీటీ రాయడం మరిచిపోయినట్టున్నాడు.

"తూకం ఆయన్ది కన్నా ఇదే నయం. ఈయన పేరే ముందు చదువుదాం. పిలవండి" అన్నాడు మేనేజరు.

ఆ అమ్మాయి స్టోరుకి పరిగెత్తింది, అక్కణ్ణించి పర్సనల్ ఆఫీసుకి. ఆఫీసరు సంతకం చూపించాడు. "ఇది సిస్టంలోకి ఎక్కేసిందమ్మా. ఒకసారి మానుకున్నారని ఎక్కాక మనం వెనక్కి తియ్యలేం. పైవాళ్ళు కూడా కొత్తగా తీసుకోవలసిందే. యాభై నాలుగేళ్ళకి ఎవరు తీసుకుంటారు?"

ఆ అమ్మాయి శిక్షణ గదికి తిరిగొచ్చి, ఏం చెయ్యాలో తోచక బాబాయి నంబరుకి ఫోన్ చేసింది. రెండో మోతకే ఎత్తింది ఆయన భార్య.

"ఫోను జేబులో ఉంటే మోగుతుందేమోనని ఇంకో దిగులమ్మా ఈయనకి, ఇంట్లోనే పెట్టి వెళ్ళారు. నువ్వు ఆ ట్రైనర్ పిల్లవి కదూ? పరీక్ష ఎలా చేశారు?"

"బాగా చేశారండీ. అందరికన్నా బాగా చేశారు."

అవతల ముక్కు తుడుచుకున్న చప్పుడు. "నాకు తెలుసమ్మా. ఒక్కసారి ఆయనకివ్వు. నేనే చెప్తాను, లేకపోతే నమ్మరు."

ఆ అమ్మాయి ఫోను చెవి దగ్గరే పట్టుకుని బాబాయి కుర్చీ వైపు చూసింది. కుర్చీ వీపు మీద బూడిద రంగు స్వెట్టరు వేలాడుతోంది, గదిలో ఏసీకి తట్టుకోలేక వేసుకునేది, కంగారులో విప్పినట్టుంది, ఒక చెయ్యి తిరగబడి లోపలి కుట్లు పైకి కనిపిస్తున్నాయి.