మూడు వలయాల నడుమ ఒక పేరు

నేను ఒక చెక్క కంపాసును. మీ పిల్లల రేకు డబ్బాలో గలగలలాడే చిన్న కంపాసును కాను, నల్లబల్ల మీద వృత్తాలు గీసే మూరెడు కంపాసును. ఒక కాలికి ఇనుప మొన, రెండో కాలికి సుద్దముక్క బిగించే ఇత్తడి మర. మొన ఉన్న కాలు కదలకుండా నిలబడుతుంది, సుద్ద ఉన్న కాలు చుట్టూ తిరిగొస్తుంది. నాకు తెలిసిన పని ఇదొక్కటే. ఇంత చిన్న పని చేసేదాని వల్ల ఒక పిల్ల బడి మానేసిందంటే మీరు నమ్మకపోవచ్చు. నాకూ నమ్మబుద్ధి కాలేదు.

నన్ను చేసింది వీరాచారి అనే వడ్రంగి. ఎవరి ఇంటి సింహద్వారానికో తెచ్చిన టేకులో మిగిలిన ముక్కను నేను. "ద్వారానివైతే పసుపు కుంకాలు పెట్టేవోళ్ళు. నీ మొహాన సుద్దపొడి రాసిపెట్టి ఉంది" అంటూ చిత్రిక పట్టాడు. చేయించుకున్నది కోటిలింగం మాస్టారు, ఒంగోలుకు ఇవతల పొగాకు పండే ఊళ్ళో హైస్కూలు లెక్కల మాస్టారు. పందొమ్మిదేళ్ళు ఆయన నన్ను మరొకరి చేతికి ఇవ్వలేదు. పదో తరగతి గదిలో, ఇనప బీరువా పైన, గోడకున్న మేకు నా చోటు.

మాస్టారికి లెక్కలంటే ప్రాణం. అందులోనూ సమితులు, వెన్ చిత్రాలు వచ్చాయంటే ఆయన్ని పట్టలేం. ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా నాతో రెండు వలయాలు గీయించి పాఠం మొదలుపెట్టేవారు. "మన తరగతిలో నలభై రెండు మంది. సాంబారు ఇష్టమన్నవాళ్ళు ఇరవై అయిదు, పెరుగు ఇష్టమన్నవాళ్ళు ఇరవై ఎనిమిది. కలిపితే యాభై మూడు! మిగతా పదకొండు మంది ఎవర్రా, చింతచెట్టు దయ్యాలా?" అనగానే గది గొల్లుమనేది. రెండూ ఇష్టమన్న పదహారు మందినీ రెండుసార్లు లెక్కపెట్టాం కాబట్టి ఒకసారి తీసెయ్యాలనీ, అప్పుడు ముప్పై ఏడు వస్తుందనీ, తక్కిన అయిదుగురూ వలయాలకు బయట ఉన్నట్టనీ చెప్పేవారు.

"ఆ అయిదుగురూ ఏం తింటారు సార్?" అంది రెండో బల్ల నుంచి రూతు.

"అది లెక్కలో లేదమ్మా" అని నవ్వేశారు మాస్టారు.

రూతు చూపు ఎప్పుడూ వలయాల బయటే ఉండేది. తరగతిలో అందరికన్నా ముందు లెక్క తేల్చేదీ ఆ పిల్లే. వాళ్ళమ్మ ఎస్తేరమ్మ పొగాకు ఆకులు ఏరే గ్రేడింగు పనికి పోయేది. పదో తరగతి గట్టెక్కితే చాలు, పై చదువు తాను చూసుకుంటానని మాస్టారే ఎస్తేరమ్మకు మాటిచ్చారు.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. ఆ ఏడు నా మేకు వదులైంది. ఫ్యాను వేస్తే ఊగేదాన్ని. ఊగడం హాయిగా ఉండేది, ఇంకాస్త ఊగేదాన్ని. "సార్, ఆ మేకు ఊగతా ఉంది, కంపాసు పడుద్ది" అని రూతు ఓ రోజు చెప్పింది. చూద్దాంలే అన్నారు మాస్టారు. డిసెంబరులో ఒక శుక్రవారం సాయంత్రం స్పెషల్ క్లాసయ్యాక ఆయన నన్ను తగిలించి వెళ్ళారు. శనివారం గాలికి తలుపు దబ్బున కొట్టుకుంది. మేకుతో సహా ఊడి, బీరువాకూ గోడకూ నడుమ సందులో పడ్డాను.

సోమవారం మాస్టారు గోడ వంక చూసి నిర్ఘాంతపోయారు. కంపాసూ లేదు, మేకూ లేదు. "చూశారా, మేకుతో సహా పీక్కుపోయారు!" అన్నారు. ఎంత చదువుకున్నా మనుషులకు ఇదో జబ్బు. వస్తువు కనబడకపోతే అది పడిపోయి ఉంటుందని తోచదు, ఎవరో ఎత్తుకుపోయారనే తోస్తుంది. సందులో ఉన్న నాకు మొదట నవ్వొచ్చింది. నా కోసం ఇంత గొడవా అని లోపల మురిసిపోయాను కూడా. ఆ మురిపెం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"అరవను, కొట్టను. లెక్కతోనే పట్టుకుంటాను" అన్నారు మాస్టారు. నేను లేను కాబట్టి మధ్యాహ్న భోజనం పళ్ళెం బోర్లించి, దాని అంచు వెంబడి మూడు వలయాలు గీశారు. శుక్రవారం సాయంత్రం ఆగినవాళ్ళు పద్దెనిమిది మంది. చార్టులు గీసుకోవడానికి నన్ను ఎప్పుడో ఒకప్పుడు అడిగినవాళ్ళు అయిదుగురు. మేకు వదులైందని తెలిసినవాళ్ళు ముగ్గురు. మూడూ కలిసిన నడిమి చోట ఒక్క పేరే పడింది. సుద్ద టక్కున ఆగిన చప్పుడు నాకు వినబడింది.

"ఒక వలయంలో ఎవరైనా పడొచ్చు. మూడింట్లోనూ ఒకే మనిషి ఊరికే పడుతుందా? నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు తేలిపోయినట్టే. ఎక్కడ పెట్టావు రూతూ?"

"నేను తీయలేదు సార్." రూతు అక్కడితో ఆగలేదు. "తీసినోళ్ళకి వేరే వలయం గీయాల గదా సార్. అందులో ఎవరూ లేకపోతే?"

సరైన ప్రశ్న. ఆ గదిలో దానికి జవాబు నా ఒక్కదానికే తెలుసు. నాకు నోరు లేదు. మాస్టారికి నోరుంది గానీ, ఆ వేళ చెవులు లేవు. "నాకే పాఠం చెబుతున్నావా? రేపు మీ అమ్మను తీసుకురా" అన్నారు.

మర్నాడు ఎస్తేరమ్మ వచ్చి గుమ్మం బయటే నిలబడింది. "ఆ చెక్కముక్క మా ఇంట్లో ఏం జేసుకుంటాం సారూ? మా పిల్ల అట్టాంటిది కాదు. మీరంటే దానికి దేవుడు" అంది. ఆ మధ్యాహ్నం నుంచి రెండో బల్ల నుంచి రూతు గొంతు వినబడలేదు. తల్లితో పాటు పొగాకు ఆకులు ఏరుతోందని పిల్లలు చెప్పుకోగా విన్నాను. రెండు నెలలకు పైగా ఆ సందులో దుమ్ము తిన్నాను. హాజరు పిలిచేటప్పుడు ఆయన ఆమె పేరు రెండేసి సార్లు పిలిచేవారు. వాళ్ళ ఇంటికి మాత్రం వెళ్ళలేదు.

మార్చిలో బడిని పరీక్షల సెంటరు చేశారు. గదులు ఖాళీ చేస్తూ అటెండరు ఓబులేసు బీరువా జరిపాడు. "సార్, మీ కంపాసు ఈడే ఉండాది! మేకు గూడా ఉండాది!" అని కేక పెట్టాడు.

మాస్టారు నన్ను అందుకున్నారు. "ఎవరికీ చెప్పకు ఓబులేసూ" అని నన్ను సంచిలో దాచేశారు. మూడు రోజులు ఆయన ఇంట్లో పాత పంచెల కింద ఉన్నాను. నేను దొంగసొత్తునైంది అక్కడే. శుక్రవారం ఆగిన మనిషి, నన్ను కావాలనుకునే మనిషి, మేకు సంగతి తెలిసిన మనిషి మరొకరు కూడా ఉన్నారని మాస్టారికి అప్పుడు తట్టి ఉంటుంది. నలభై రెండు మందినీ లెక్కలోకి తెచ్చి, ఆయన తనను మాత్రం బయట ఉంచుకున్నారు. నాలుగో రోజు అన్నం సగంలో వదిలేసి లేచారు.

రూతూ ఎస్తేరమ్మా ఆకులు ఏరే షెడ్డులో, పొగాకు ఘాటు నడుమ, ఆడవాళ్ళంతా చూస్తుండగా నన్నూ, రూతు హాల్ టికెట్టునూ చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. "నువ్వు తీయలేదమ్మా. బీరువా వెనక పడిపోయింది. తప్పు నాది" అన్నారు. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు.

రూతు ఆకులు దించలేదు. "ఇక్కడ చెబితే ఎట్టా సార్? తరగతిలో గీశారు. తరగతిలోనే చెరపండి" అంది.

మర్నాడు నలభై రెండు మంది ముందు ఆయన నాతోనే మూడు వలయాలు మళ్ళీ గీశారు. నడిమి చోట రూతు పేరు పక్కన తన పేరు రాసుకున్నారు. విడిగా నాలుగో వలయం గీసి, 'తీసినవాళ్ళు' అని రాసి, లోపల ఖాళీగా వదిలేశారు. "దీన్ని శూన్య సమితి అంటారని మీకు చెప్పింది నేనే. ఆ పిల్ల అడిగినప్పుడు నాకు గుర్తు రాలేదు" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

రూతు పరీక్ష రాసింది. లెక్కల్లో తొంభై ఆరు వచ్చాయి, మిగతా వాటిలో అంతంత మాత్రం. పోయిన రెండు నెలలు ఎక్కడ పోయాయో ఆ మార్కుల్లో కనిపిస్తుంది. ఆ లోటు నాది, మాస్టారిది.

ఇప్పుడాయన వలయాల కన్నా ముందు అందరూ పట్టేంత పెద్ద చదరం గీస్తారు. బయట ఎవరున్నారని అడిగాకే లోపలికి వస్తారు. ఫ్యాను వేసినా నేను ఊగను. ఊగబోతే ఆ సోమవారం గుర్తొస్తుంది.

నాలుగో వలయం గీసిన రోజు అందరూ వెళ్ళిపోయాక రూతు మాస్టారి బల్ల దగ్గరికి వచ్చింది. పొగాకు జిగురుతో నల్లబడ్డ వేళ్ళతో మాస్టారి చేతిలోంచి నన్ను తీసుకుంది. ఓబులేసు చేతికందే ఎత్తులో కొత్తగా కొట్టిన మేకును పట్టుకుని రెండుసార్లు ఊపి చూసింది. కదల్లేదు. నన్ను తగిలించి, మాస్టారి వైపు తిరక్కుండానే అంది.

"ఆ పొద్దు చెప్పాను గదా సార్, పడుద్దని."